సహజమేదో తెలియనిచోట

బొగ్గుబాయిలో పాతికేండ్లు చెమటోడ్చిన గోదావరిఖని కార్మికునికి తన ఊపిరితిత్తులను గూర్చి కొంత విద్య గలదు. గనుల నియమముల ననుసరించి అయిదేండ్లకొకమారు జరుగు వైద్యపరీక్ష (పీఎంఈ)లో డాక్టరు అతని ఛాతీ ఎక్స్‌రేను వెలుతురుకెత్తి చూపినాడు, గొట్టములోనికి గాలి నూదించి చాలినదో చాలలేదో చెప్పినాడు, చెవులు పరీక్షించినాడు. దుమ్ము ఎచ్చట పేరుకొనునో, దగ్గు ఎప్పుడు మామూలు దగ్గో ఎప్పుడు కాదో ఆ కార్మికుడు చాయ్ హోటలు వద్ద తోటివారికి వివరించి చెప్పగలడు. అదే క్వార్టరులో అతనితో కాపురము చేసి, ముగ్గురు బిడ్డలను కని పెంచిన ఇల్లాలిని, మూత్రము వచ్చు ద్వారమును బిడ్డ వచ్చు ద్వారమును ఒకటేనా, వేరువేరా యని అడిగినచో, ఆమె మొదట సిగ్గుపడును, పిమ్మట కొంతసేపు ఆలోచించును, తుదకు "ఏమో బిడ్డా, గవన్ని మాకేమెరుక, కాన్పుల డాక్టరమ్మకెరుక" అని నవ్వి మాట మార్చును. ఈ బొగ్గు ప్రాంతపు పాఠశాలలలో జీవశాస్త్రము బోధించుచు బ్రతుకు గడిపిన నాకు ఈ జవాబు క్రొత్తది కాదు. క్వార్టర్ల అరుగులమీదను, తిలక్‌నగర్ గల్లీలలోను, మంచిర్యాల బస్సులో ప్రక్కసీటునందును దీనిని విన్నాను.

ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదు. పుట్టింటిలో తల్లి చెప్పలేదు, ఏలనన ఆ తల్లికి ఆమె తల్లి చెప్పలేదు. బడిలో ఆ పాఠము వచ్చిననాడు ఇంటివద్ద చదువుకొనుడని దాటవేసిరి. ఆసుపత్రిలో వరుస కట్టిన రోగులనడుమ డాక్టరమ్మకు తీరిక చిక్కలేదు. ఈ తెలియమి సిగ్గుతోనే ముగిసిపోవునదైనచో నేనిట్లు పత్రికకెక్కి వ్రాయ బనిలేదు. తన శరీరములో సహజమేదో ఎరుగని స్త్రీకి వ్యాధి ఏదో కూడ ఎరుకపడదు. అందుచేత ఆరోగ్యవంతురాలు తాను రోగినని భయపడి అక్కరలేని శస్త్రచికిత్సకు ఒడిగట్టును, నిజముగా రోగము గలది అది ఆడపుట్టుకకు తప్పనిదని తలచి ఏండ్లతరబడి ఓర్చుకొనును. మన తెలుగునాట ఈ రెండును జరుగుచున్నవి, రెండును ఒక్క మూలమునుండియే పుట్టుచున్నవి.

సాయంకాలము లక్ష్మీనగర్‌లో ఏదైన మెడికల్ షాపు ముందు కొంతసేపు నిలిచి చూడుడు. ఒక స్త్రీ వచ్చి, కొంగు సవరించుకొని, మందులు కొనుచున్న మగవారు వెళ్ళిపోవువరకు బల్లకొసన ఆగును. షాపు ఖాళీ కాగానే గొంతు తగ్గించి "అన్నా, తెల్లబట్టకు గోలీలియ్యవా" యని అడుగును. ఆ అన్న ఎన్నాళ్ళనుండి యని అడుగడు, వాసన గలదా, దురద గలదా, షుగరు గలదా, కడుపుతో ఉన్నదా యని అడుగడు; అడుగుటకు అతనికిని సిగ్గే. డబ్బాలనుండి మూడు రంగుల గోలీలను కత్తెరతో కత్తిరించి, కాగితపు పొట్లములో మడచి యిచ్చును. ఆమె దానిని కూరగాయల సంచి అడుగున దాచుకొని పోవును. ఆ గోలీలలో ఒకటి సూక్ష్మజీవులను చంపునది కావచ్చును. చంపవలసిన చెడుజీవులు అచ్చట లేకపోయినచో అది ఉన్న మంచిజీవులనే చంపును, వానికి మారుగా శిలీంధ్రము బలిసి, అంతవరకు లేని దురద అప్పుడు నిజముగా ఆరంభమగును. సహజమైన తడికి మందు తెచ్చుకొన్న ఆ తల్లి పదిదినములకు నిజమైన రోగముతో అదే బల్లవద్దకు మరల వచ్చును.

కావున మొదటినుండి చెప్పుకొందము. బయటికి కనబడు భాగము వేరు, లోపలి మార్గమైన యోని వేరు. బయట రెండు వెడల్పయిన పెదవులును, వాని లోపల రెండు సన్నని పెదవులును గలవు. ఈ లోపలి పెదవులు కొందరిలో బయటి పెదవుల చాటున ఉండును, కొందరిలో వానిని దాటి బయటికి వచ్చును. ఒకటి పొడవుగను ఒకటి పొట్టిగను ఉండుట అతి సామాన్యము, ముడుతలు పడియుండుటయు తక్కిన చర్మముకంటె నలుపుగా ఉండుటయు సహజమే. 2005లో లండన్ నగరపు వైద్యులు 50 మంది స్త్రీలను కొలిచి ప్రకటించిన వివరములలో లోపలి పెదవి వెడల్పు 7 మిల్లీమీటర్లు మొదలు 50 మిల్లీమీటర్లవరకు ఉన్నది. అనగా సహజమన్నది ఒక్క కొలతకు లొంగునది కాదు. ఈ సంగతి తెలియక, సెల్‌ఫోనులో కనబడు బొమ్మలతో తమను పోల్చుకొని, తమకేదో వికారము గలదని లోలోపల కుమిలిపోవు ఆడపిల్లలు నేడు మన పట్టణములలో ఉన్నారు. ఆ కుమిలిపాటును సొమ్ము చేసికొనుటకు చర్మమును తెల్లబరతుమను క్రీములును, పెదవులను కత్తిరించి తీర్చెదమను శస్త్రచికిత్సలును అంగడికెక్కినవి.

లోపలి పెదవులు పైన కలియుచోట చిన్న మొగ్గగా కనబడునది భగశిశ్నిక. స్పర్శసుఖము తప్ప వేరు ప్రయోజనము లేని ఆ అవయవములో కంటికి కనబడునది కొన మాత్రమే. పెద్ద భాగము చర్మము క్రింద, యోనికి ఇరుప్రక్కల వ్యాపించి యున్నది. ఆస్ట్రేలియా దేశపు శస్త్రవైద్యురాలు హెలెన్ ఓకానెల్ 1998లో దీనిని విపులముగా పరిశోధించి ప్రకటించువరకు వైద్యవిద్యార్థులు చదువు పుస్తకములలోనే పెక్కింట ఇది సరిగా చిత్రింపబడలేదనినచో, మన బడిపుస్తకములను ఏమనగలము? దాని క్రింద మూత్రద్వారము, అంతకు క్రిందుగా యోనిద్వారము, ఆ వెనుక మలద్వారము: మూడు వేరువేరు ద్వారములు. స్త్రీలలో మూత్రనాళము సుమారు 4 సెంటీమీటర్లకు మించదు, మలద్వారము చేరువనే యున్నది. అందుచేత ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను గాని వెనుకనుండి ముందుకు కాదని ఆడపిల్లకు ఊహ తెలిసిన నాటినుండియు చెప్పవలెను. ఈ ఒక్క మాట ఎన్నో మూత్రపు మంటలను తప్పించవచ్చును.

యోనిద్వారపు అంచున ఉండు కన్నెపొర మూత కాదు. మూతయే యైనచో నెలనెల రక్తము ఏ దారిన వచ్చును? అది ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరుగా ఉండును, కొందరిలో ఉండీ లేనట్లుండును, చాలమందిలో తెగకయే సాగును. దానిని చూచి శీలమును నిర్ణయించు పరీక్షకు శాస్త్రాధారము లేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు దాని సోదర సంస్థలును ప్రకటించినవి. అత్యాచార బాధితులకు రెండువ్రేళ్ళ పరీక్ష జరుపుట దుష్ప్రవర్తనయే యగునని 2022 అక్టోబరు 31న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పెండ్లినాటి రాత్రి రక్తము కానరాలేదని ఒక్క యువతియైనను మాట పడుచున్నచో అది మన అందరి అజ్ఞానముయొక్క పాపము.

ఇక యోని 7 మొదలు 10 సెంటీమీటర్ల పొడవుగల కండరపు మార్గము. మామూలు వేళ దాని గోడలు ఒకదానికొకటి ఆనియుండును, కాన్పువేళ బిడ్డ తల పట్టునంత సాగును; దాని పైకొనన గర్భాశయ ముఖద్వారము గలదు. ఈ మార్గము తన్ను తానే శుభ్రపరచుకొనును. ఈస్ట్రోజెన్ హార్మోను ప్రభావముచేత యోనిగోడల కణములలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును; 1892లో జర్మనీ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ వర్ణించిన లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు ఆ పిండినుండి లాక్టిక్ ఆమ్లమును పుట్టించి, పీహెచ్ 3.8 మొదలు 4.5 వరకు ఉండునట్లు అచ్చట పులుపును నిలుపును. ఆ పులుపులో రోగజీవులు పెక్కు బ్రతుకజాలవు. మన యింటి గిన్నెలో పాలను పెరుగు చేయు జీవులకు ఇవి దాయాదులు. రాలిన కణములు, ముఖద్వారపు జిగురు, ఈ ఆమ్లము కలిసి దినమునకు ఒక చెంచాడుకు మించని తడిగా బయటికి వచ్చును. లోదుస్తుమీద ఆరినప్పుడు లేతపసుపుగా కనబడును. ముట్టుకు ముట్టుకు నడుమ, అండము విడుదలయగు దినములలో, ఈ తడి గ్రుడ్డులోని తెల్లసొనవలె పలుచనై సాగును. ముట్టు దగ్గరపడుకొలది చిక్కనగును. కడుపుతో ఉన్నప్పుడు హెచ్చును. ముట్లుడిగిన పిమ్మట తగ్గి, పులుపును తగ్గి, పొడిదనమును మంటయు కలుగవచ్చును. ఆ మంటకు మంచి చికిత్స గలదు. వయసు శాపమని పండ్లబిగువున భరింప నక్కరలేదు.

ఎముకలు కరిగి తెల్లబట్టగా పోవుచున్నవని, ఒంటిలోని సత్తువ అంతయు ఆ దారినే కారిపోవుచున్నదని మన ఇండ్లలో పెద్దలు చెప్పుదురు. ఎముకలు కరుగుటయు లేదు, సత్తువ కారుటయు లేదు. నడుము నొప్పికి, కండ్లు తిరుగుటకు కారణము వేరుచోట వెదకవలెను: తెలంగాణ స్త్రీలలో సగమునకు మించినవారికి రక్తహీనత గలదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. గోవాలో విక్రమ్ పటేల్ బృందము జరిపిన పరిశోధనలో తెల్లబట్టను గూర్చి మొరపెట్టుకొన్న స్త్రీలయందు అంటురోగముకంటె మనోవ్యథతోను, బ్రతుకు బరువుతోను ఆ మొరకు గట్టి సంబంధము కనబడినది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన క్వార్టర్లలోని తల్లులే కండ్లకు కట్టిరి. మొదటి షిఫ్టుకు తెల్లవారుజామున టిఫిను గిన్నె కట్టి, రాత్రి షిఫ్టు మనిషి పగలు నిద్రపోవునని బిడ్డలను సద్దు చేయనీయక ఇల్లంతయు కాచుకొని, భర్త తాగివచ్చిననాడు నోరు మూసుకొని, కూతురి పెండ్లి అప్పును తలచుకొనుచు పడుకొను స్త్రీకి తన దుఃఖమును డాక్టరు ముందు చెప్పుకొనుటకు దారిలేదు. "తెల్లబట్ట, నడుమునొప్పి" అన్నచో మాత్రము ఒక చీటీ వ్రాయుదురు. అందుచేత ఆమె అదే చెప్పును. ఆ మొరలోని అసలు మాటను వినువారు కావలెను. గోలీలు దానికి జవాబు కాజాలవు.

శుభ్రతను గూర్చి అంగడి చెప్పునది ఒకటి, శాస్త్రము చెప్పునది మరియొకటి. యోని లోపల కడుగవలసిన పని ఎన్నడును లేదు. మందునీళ్ళను లోపలికి ఎక్కించుటయు, పరిమళద్రవములను వాడుటయు, క్షారగుణముగల సబ్బుతో రుద్దుటయు ఆ పులుపును విరిచి రోగమునకు వాకిలి తెరచును. బయటి భాగమును మంచినీళ్ళతో కడిగిన చాలును. ఎండాకాలమున నలుబదియైదు డిగ్రీలు దాటు ఈ రామగుండములో, చెమటకు తడిసిన నైలాను లోదుస్తుకంటె నూలుగుడ్డ మేలు. మన ఇండ్లలో ఒక అలవాటు గలదు: మగవాని బనియనును దండెముమీద ఎండలో ఆరవేసి, ఆడదాని లోదుస్తును, ముట్టుగుడ్డను ఎవరికంటను పడరాదని చీరమడతక్రింద నీడలో దాచి ఆరవేయుదురు. అవి పూర్తిగా ఆరవు. ఆరని గుడ్డ గజ్జలలో తామరకు నెలవు. ఎండ ఉచితముగా దొరకు ఊరిలో ఈ సిగ్గుకు అర్థము లేదు.

వ్యాధి లక్షణములను కూడ తెలిసికొనవలెను, అవి అంత కఠినమైనవి కావు. పెరుగు విరిగినట్లు తెల్లగా, భరింపరాని దురదతో వచ్చినచో శిలీంధ్రము. షుగరు గలవారిలోను, యాంటీబయోటిక్ గోలీలు మ్రింగినవారిలోను ఇది తరచు వచ్చును. బూడిదరంగుగా పలుచనై చేపల వాసన కొట్టినచో మంచిజీవులు తగ్గి ఇతర సూక్ష్మజీవులు హెచ్చినవని గుర్తు. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో నురుగుతో వచ్చినచో అది సంపర్కమువలన సోకిన ట్రైకోమోనాస్ కావచ్చును. పొత్తికడుపులో నొప్పి, జ్వరము, కలయిక పిమ్మట రక్తము, ముట్లుడిగిన తరువాత మరల రక్తము కనబడుట: వీనిలో ఏది ఉన్నను ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు. గోదావరి, ప్రాణహితలు దాటిన ఆవలి ఒడ్డుననే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సిరొంచలో నేటికిని మన తెలుగు వినబడును. ఆ జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులును వారి సహచరులును రెండు గ్రామములందలి 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిన ఫలితములు ప్రపంచమును తట్టి లేపినవి: నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నది, అంతకుముందు ఎన్నడైన పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఎనిమిదిమందే. మిగిలినవారు తమకున్నది ఆడబ్రతుకులో భాగమని ఊరకుండిరి.

అక్కరలేని శస్త్రచికిత్స అను రెండవవైపు సంగతి మనకు ఇంకను దగ్గరిది, ఇంకను దారుణమైనది. పైన చెప్పిన 2019-21 సర్వే లెక్కలలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను సగటున నూటికి ముగ్గురుకాగా, ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను నూటికి ఎనిమిదిమందికి పైగా ఉన్నారు. ఈ విషయమున దేశములో ముందు నిలిచినవి మన రెండు రాష్ట్రములే. దేశములో ఈ శస్త్రచికిత్స పొందినవారిలో సగముమందికి అప్పటికి 35 ఏండ్లు నిండలేదు. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ అను వైద్యదంపతులు మెదక్ జిల్లా గ్రామములలో తిరిగి, అవసరము లేకయే గర్భసంచులు పోగొట్టుకొన్న పడుచుల కథలను పదునైదేండ్లకు పూర్వమే బయటపెట్టిరి. తెల్లబట్టయని పోయిన స్త్రీకి స్కానింగు తీసి, "ముఖద్వారము దగ్గర పుండు ఉన్నది, ఉంచినచో క్యాన్సరగును" అని చెప్పుట ఈ వ్యాపారమునకు ఆయువుపట్టు.

ఆ "పుండు"ను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. గర్భాశయ ముఖద్వారపు లోపలి పొర ఎర్రనిది, బయటి పొర లేతగులాబీ రంగుది. పడుచువయసులోను, కడుపుతో ఉన్నప్పుడును, గర్భనిరోధక మాత్రలు వాడువారిలోను లోపలి ఎర్రనిపొర కొంత బయటికి వచ్చి ఎర్రని వలయముగా కనబడును. అది పుండు కాదు, వ్రణము కాదు, క్యాన్సరుకు మొదలును కాదు, హార్మోనుల ప్రభావమువలన కలుగు సహజస్థితి. అద్దములో తన నాలుక ఎరుపును చూచి నోటిలో పుండున్నదని ఎవరును భయపడరు, ఏలనన నాలుక ఎట్లుండునో అందరెరుగుదురు. ముఖద్వారము ఎట్లుండునో ఎరుగనందున ఇరువదియెనిమిదేండ్ల పడుచు మరునాడే ఇంటి బంగారము కుదువబెట్టి బల్లమీద పరుండును. నిజమైన గర్భాశయ ముఖద్వార క్యాన్సరు హెచ్‌పీవీ అను వైరసువలన వచ్చును. ఆ వైరసు సోకినవారిలో అత్యధికులకు అది రెండేండ్లలో దానంతటదే పోవును. పోక నిలిచినవారిలో సైతము క్యాన్సరగుటకు సామాన్యముగా 15 మొదలు 20 ఏండ్లు పట్టును. అనగా "రేపే క్యాన్సరు" అన్న మాట అబద్ధము. నెమ్మదిగా పరీక్షించుకొని, అవసరమైనచో చిన్న చికిత్సతో నివారించుకొనుటకు ఏండ్లకొలది వ్యవధి గలదు. వెనిగర్‌లో ఉండు ఆమ్లమునే ముఖద్వారమునకు పూసి ఒక నిమిషము చూచు పరీక్ష ఉన్నది. దానికి పెద్ద యంత్రములు అక్కరలేదు. అయినను ఆ 2019-21 సర్వేనాటికి దేశములో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఎన్నడైన చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. పరీక్ష చేయించుకొన్నవారికంటె గర్భసంచి తీయించుకొన్నవారే హెచ్చుగా ఉన్న దేశము మనది. ఈ వాక్యము వ్రాయుచుండగా నా చేయి ఆగినది.

గడ్డలకు, ఆగని రక్తస్రావమునకు, జారిన గర్భసంచికి, క్యాన్సరుకు శస్త్రచికిత్స అవసరమగు సందర్భములు నిజముగా గలవు. నేను వానిని కాదనుట లేదు. అవసరము లేనిచోట చేసినచో, ముఖ్యముగ అండాశయములను కూడ తీసివేసినచో, ముప్పదియేండ్లకే ముట్లుడిగిన దేహమై ఎముకలు పెళుసుబారును, గుండెజబ్బు ముందుగా వచ్చును. అప్పుడు నిజముగా సత్తువ పోవును. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాను రాష్ట్రములందలి ఇట్టి శస్త్రచికిత్సలపై వచ్చిన వ్యాజ్యములో 2023 ఏప్రిలునందు సుప్రీంకోర్టు, కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను అన్ని రాష్ట్రములును మూడు నెలలలో చేపట్టవలెనని ఆదేశించినది. ఆదేశము మంచిదే, ఆపరేషను బల్లవద్ద "నాకిది ఎందుకు?" అని అడుగగల స్త్రీ ఉన్నప్పుడే ఆదేశమునకు ప్రాణము.

అడుగనీయక చేసినచో ఏమగునో మన బొగ్గు ప్రాంతమే ఒకమారు చూచినది. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు, దాదాపు 14,000 మందికి, పాత్ అను విదేశీ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారముతో హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకముగా వేసినది. హాస్టళ్ళలోని గిరిజన బాలికల సమ్మతిపత్రములపై తలిదండ్రులకు మారుగా వార్డెన్లు సంతకములు చేసిరి. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. ఆ మరణములు టీకావలన కాదని విచారణ సంఘము చెప్పినను, సమ్మతి తీసికొన్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా గర్హించినది. టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన ప్రణాళిక పదునైదేండ్లలోపు బాలికలలో నూటికి 90 మందికి 2030 నాటికి ఆ టీకా అందవలెనని చెప్పుచున్నది. ఏ అవయవమును కాపాడుటకు ఆ సూది గ్రుచ్చుచున్నారో ఆ బాలికకు బొమ్మ గీచి చెప్పి యున్నచో, ఇంటికి పోయి తల్లికి చెప్పనిచ్చి యున్నచో, ఆ టీకాపై మన జిల్లాలలో ఇన్నేండ్ల భయము మిగిలి యుండెడిది కాదని నా విశ్వాసము.

ఇప్పుడు ఈ విద్య మన రామగుండములో మరింత అవసరమైనది. 1952 నాటి గనుల చట్టము భూగర్భములో స్త్రీలు పనిచేయరాదని నిషేధించియుండెను. 2019 ఆరంభములో కేంద్రము దానిని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగములలో పగటివేళ స్త్రీలు భూగర్భములోనికి దిగుటకును, ఓపెన్‌కాస్టులలో వారి సమ్మతితో రాత్రివేళ పనిచేయుటకును అనుమతించినది. తండ్రి ఉద్యోగమును కారుణ్య నియామకముగా పొందిన యువతులు నేడు సింగరేణిలో హెల్మెట్టు పెట్టుకొని హాజరు వేయించుకొనుచున్నారు. గనులవద్ద శౌచాలయములు పైనను లోపలను ఉండవలెనని 1955 నాటి నియమావళి చెప్పినది. అది ఎంత దూరమున ఉన్నది, తలుపుకు గడియ గలదా, నీళ్ళు గలవా, ముట్టుగుడ్డ వేయుటకు మూతగల డబ్బా గలదా అన్నవి ఆడపిల్లకు దినదినమును ఎదురగు ప్రశ్నలు. గనిలోనే కాదు, తెల్లవారకముందే చౌరస్తా ఊడ్చు మున్సిపాలిటీ కార్మికురాలైనను, సైటుమీద ఇటుకలు మోయు కూలియైనను, దొడ్డికి చోటులేదని నీళ్ళు త్రాగుట మానుకొన్నచో, ఈ ఎండలో మూత్రము చిక్కబడి మంట పుట్టును, ఆ మంటను తెల్లబట్టతో కలిపి చెప్పును, మరల ఆ మూడు రంగుల గోలీలే చేతికి వచ్చును.

చేయుటకు కావలసినవన్నియు మన ఊరిలోనే ఉన్నవి. సింగరేణికి గోదావరిఖనిలో ఏరియా ఆసుపత్రి గలదు. 2022 నుండి రామగుండములో వైద్యకళాశాల నడచుచున్నది. కొత్తగా చేరిన కార్మికులకు రక్షణపాఠములు చెప్పు శిక్షణకేంద్రములున్నవి. కార్మికుల ఇల్లాండ్రకు కుట్టుపని మున్నగునవి నేర్పు సేవాసమితి గలదు. 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన ఆరోగ్య మహిళ కార్యక్రమముచేత ఎంపికచేసిన ఆసుపత్రులలో మంగళవారము స్త్రీలకే ప్రత్యేకముగా పరీక్షలు జరుపు పద్ధతి ఏర్పడినది. సేవాసమితి కుట్టుతరగతిలో ఒక గంట డాక్టరమ్మ కూర్చుండి బొమ్మ చూపి ఈ పాఠము చెప్పరాదా? స్త్రీ కార్మికుల పీఎంఈలో, ముప్పదియేండ్లు దాటినవారికి, వారి సమ్మతితో ముఖద్వార పరీక్షను చేర్చరాదా? పదవతరగతి జీవశాస్త్రములో ప్రత్యుత్పత్తి పాఠమున్నది. గర్భాశయము, అండాశయములు గల ఆ బొమ్మను నేను నల్లబల్లమీద గీయుచున్నప్పుడు వెనుకబెంచీ ఆడపిల్లలు తలవంచుకొనెడివారు, బొమ్మకు వివరణ ఆరంభించినంతనే ఒక్కొక్కరుగా తలలెత్తెడివారు. తెలిసికొనవలెనను కోరిక వారికి కొదువలేదు. చదువనేర్చిన పెద్దలకు తెలుగులో పుస్తకమును లేకపోలేదు: స్త్రీల ఆరోగ్యమును గూర్చి "సవాలక్ష సందేహాలు" అను గ్రంథమును హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1991లోనే ప్రచురించినది, అట్టిది నేటి శాస్త్రముతో సరిచూచి, మన క్వార్టర్ల గ్రంథాలయములలో ఉంచవలెను.

ఈ తరగతులకు మగవారిని కూడ పిలువవలెనని నా గట్టి అభిప్రాయము. ట్రైకోమోనాస్ సోకిన భార్యకు మాత్రమే మందిచ్చి, లక్షణములేవియు కనబడని భర్తకు ఇయ్యకున్నచో, కొన్ని దినములకే ఆమెకు రోగము తిరిగి సోకును, నింద మాత్రము ఆమెమీదనే పడును. గర్భసంచి తీయించు ఖర్చునకు సంతకము పెట్టువాడు పెక్కు ఇండ్లలో భర్తయే; "పుండు" అన్న మాట డాక్టరు నోట విన్నప్పుడు "మరియొకచోట చూపించెదము, పరీక్ష కాగితమీయుడు" అని అడుగవలసినవాడును అతడే. అందుచేత ఈ పాఠమును ఆదివారము పెట్టవలెను. మూడు షిఫ్టులవారును ఇంటిపట్టున దొరకునది ఆనాడే.